పాత హార్న్, హీటన్ పాట: గ్యారేజీ డైరీ

జనవరి 11, శనివారం

హార్న్ ఇంటికొచ్చింది. పాత సామాన్ల సంతలో నలభై పౌండ్లకు దొరికిన టెనర్ హార్న్. పెట్టె మూత కీలు ఊడిపోతే ఎవరో తాడుతో కట్టి ఉంచారు, తెరిస్తే ఏళ్ళ తరబడి మూసిపెట్టిన గది వాసన. వెండి పూత చాలాచోట్ల అరిగిపోయి లోపలి ఇత్తడి కనబడుతోంది. అయినా గంట (శబ్దం బయటికొచ్చే వెడల్పాటి మూతి) మీద చెక్కిన అక్షరాలు చదవగానే బేరం కూడా ఆడకుండా డబ్బు ఇచ్చేశాను. అది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ వాళ్ళ సెయింట్ ఆల్బన్స్ ఫ్యాక్టరీ ముద్ర. లండన్‌కు ఉత్తరాన ఉన్న ఆ ఊళ్ళో వాళ్ళు 1901 నుంచి సొంతంగా బ్యాండు వాయిద్యాలు తయారు చేసుకున్నారు, 1972లో ఆ వ్యాపారాన్ని బూసీ అండ్ హాక్స్ కంపెనీకి అమ్మేశారు. అంటే ఈ హార్న్ వయసు ఎంత తక్కువ వేసుకున్నా యాభై దాటుతుంది.

టెనర్ హార్న్ అంటే మన పెళ్ళి బ్యాండుల్లో కనబడే ట్రంపెట్ కాదు. గంట పైకి చూస్తూ ఉంటుంది, ఒళ్ళో చంటిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని వాయించాలి, మూడు వాల్వులు. బ్రిటన్ పద్ధతి బ్రాస్ బ్యాండులో ఇలాంటివి మూడు ఉంటాయి. పైన కార్నెట్లు, కింద బారిటోన్లు, యూఫోనియంలు, బేస్‌లు, వాటి నడుమ ఈ హార్న్‌లు. రాగం వీళ్ళకు అరుదుగా దక్కుతుంది. కానీ వీళ్ళు లేకపోతే పాట మధ్యలో డొల్ల అయిపోతుంది.

ప్రాజెక్టు ఇది: గుడ్ ఫ్రైడే లోపు దీన్ని బాగు చేయాలి, ఆ రోజు మా చర్చి బ్యాండులో విల్‌ఫ్రెడ్ హీటన్ రాసిన ‘జస్ట్ యాజ్ ఐ యామ్’ను దీని మీదే, సెకండ్ హార్న్ భాగం వాయించాలి. కొత్త హార్న్ అద్దెకు తీసుకోవచ్చు, కాదనను. కానీ హీటన్ పాటకు ముందు హీటన్ చేసిన పని నా చేత్తో చేసి చూడాలని పట్టుదల. ఆయన కంపోజర్ కంటే ముందు బ్రాస్ వాయిద్యాల మరమ్మతు పనివాడు, అదీ నేను ఆరేళ్ళుగా ఉంటున్న ఈ షెఫీల్డ్‌లోనే.

జనవరి 19, ఆదివారం

గ్యారేజీలో బల్ల వేసి, పాత దుప్పటి పరిచి, హార్న్‌ను ముక్కలుగా విప్పాను. విప్పగలిగినంత వరకే. మెయిన్ ట్యూనింగ్ స్లైడ్, అంటే శ్రుతి సరిచేయడానికి లోపలికీ బయటికీ జరిపే గొట్టం, కదలడం లేదు. మూడో వాల్వు స్లైడ్ కూడా అంతే. వాల్వులు బయటికొచ్చాయి గానీ వాటి మీద పచ్చటి మడ్డి. కార్కులు, ఫెల్టులు పొడిపొడిగా రాలిపోయాయి, ఉమ్మినీళ్ళు వదిలే చిన్న మీట దగ్గర కార్కు అసలు లేదు. కింది వంపులో పెద్ద సొట్ట ఒకటి, గంట అంచున మడత ఒకటి. అన్నిటికన్నా భయపడింది రెడ్ రాట్‌కి. ఇత్తడిలోని జింకు కొట్టుకుపోయి రాగి మిగిలినచోట గులాబి రంగు మచ్చలు తేలతాయి, అది లోపలినుంచి మొదలైతే గొట్టం మార్చడమే దారి. టార్చి వేసి చూస్తే మౌత్‌పీస్ వైపు గొట్టంలో రెండు చిన్న మచ్చలు. ఇంకా కొన్నేళ్ళు ఆగుతుందనిపించింది.

వంపు అడుగున ఒక అతుకు కూడా ఉంది. గోరంత ఇత్తడి రేకును ఎవరో ఎంత నున్నగా టంకం వేసి అతికారంటే వేలితో తడిమితే తప్ప తెలియలేదు. ఎప్పటిదో, ఎవరిదో. కానీ చేయి తిరిగిన పనివాడిదని మాత్రం చూడగానే తెలిసింది, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

హీటన్ 1918 డిసెంబరు 2న షెఫీల్డ్‌లో పుట్టారు. తల్లిదండ్రులిద్దరూ సాల్వేషన్ ఆర్మీ సభ్యులు. ఆ సంస్థలో పుట్టిన పిల్లలకు బ్యాండు అంటే ఆదివారం బడి లాంటిదే, ఆయన కూడా చిన్నప్పుడే షెఫీల్డ్ పార్క్ శాఖలో కార్నెట్ పట్టారు. ఇంకోపక్క ఎనిమిదో ఏట మొదలుపెట్టిన పియానో, పంతొమ్మిదేళ్ళకే రాయల్ అకాడమీ వాళ్ళ ఎల్.ఆర్.ఎ.ఎం. డిప్లొమా వరకు వెళ్ళింది. అంత వాయించగలిగిన కుర్రాడు బతుకుతెరువుకు చేసింది మాత్రం ఊళ్ళోని కాకింగ్ అండ్ పేస్ అనే చిన్న వాయిద్యాల కొట్లో అప్రెంటిస్ పని. సొట్టలు తీయడం, టంకం వేయడం, వాల్వులు సరిచేయడం. పగలు ఆ బల్ల దగ్గర, రాత్రి స్కోరు కాగితాల దగ్గర.

ఆయన గురించి చదివినవాళ్ళందరూ ఈ కొట్టు సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు అక్కడే ఆగాలనిపిస్తుంది.

ఫిబ్రవరి 1, శనివారం

శుభ్రం చేసే రోజు. వీడియో కాల్‌లో అమ్మకు హార్న్ చూపించాను. "ఇదేంట్రా, ఇంత నల్లగా ఉంది? చింతపండేసి తోమకపోయావా?" అంది. అమ్మ చేతిలో ఇత్తడి బిందెలు సంక్రాంతికి ఎలా మెరిసేవో గుర్తుంది కాబట్టి ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. నిజానికి లోపలి భాగానికి అదే సూత్రం. దశాబ్దాల ఊపిరి తడికి గొట్టాల లోపల పేరుకున్న సున్నం, పచ్చటి మడ్డి పులుపుకే కరుగుతాయి. చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం, నేను వాడింది నిమ్మ ఉప్పు, పలచగా కలిపి, గోరువెచ్చటి నీళ్ళలో, పది నిమిషాలకు మించకుండా. ఎక్కువసేపు ఉంచితే ఇత్తడిలోని జింకును తినేస్తుంది, రెడ్ రాట్‌ను మనమే పిలిచినట్టవుతుంది. తర్వాత సబ్బునీళ్ళు, పొడవాటి బ్రష్షు, మళ్ళీ మంచినీళ్ళు.

బయటి నలుపు వేరే సంగతి. అది వెండికి పట్టిన గంధకపు నలుపు, పులుపుకు లొంగదు. టబ్బు అడుగున అల్యూమినియం రేకు పరిచి, వంటసోడా కలిపిన వేడినీళ్ళు పోసి, హార్న్ రేకును తాకేలా పెడితే గంధకం వెండిని వదిలి అల్యూమినియంను పట్టుకుంటుంది. పాలిషుతో రుద్దితే ఉన్న కాస్త పూతా పోయేది. సాయంత్రానికి గంట మీద అక్షరాలు స్పష్టంగా తేలాయి. అమ్మకు ఫొటో పంపాను. "ఆసుపత్రి వాళ్ళదేనా ఇది?" అని అడిగింది.

ఆమె అడిగింది నిడుబ్రోలు గురించి. నేను పుట్టింది అక్కడి ఇవాంజలిన్ బూత్ ఆసుపత్రిలో, సాల్వేషన్ ఆర్మీ వాళ్ళదే. మా బాపట్ల వైపు దాన్ని రక్షణ సైన్యం అంటారు. మేం ఆ సంఘంవాళ్ళం కాదు, అయినా వాళ్ళ బ్యాండు వీధిలో వెళ్తుంటే గుమ్మంలోకి పరుగెత్తేవాళ్ళం. మా పెద్దనాన్న పెళ్ళి బ్యాండులో సైడ్ డ్రమ్ వాయించేవారు. ఇత్తడి వాయిద్యం నుంచి వచ్చే శబ్దం నాకు రెండు దారుల్లో, గుడి ముందు ఊరేగింపులోనూ చర్చి ముందు ఊరేగింపులోనూ, ఒకేసారి పరిచయమైంది. షెఫీల్డ్ వచ్చాక బ్యాండులో చేరింది కూడా ఆ శబ్దం కోసమే.

ఫిబ్రవరి 9, ఆదివారం

మెయిన్ స్లైడ్ ఊడింది! తుప్పు వదిలించే నూనె రోజూ రెండు చుక్కలు వేస్తూ ఎనిమిది రోజులు ఆగాను. ఇవాళ వేడినీళ్ళలో ముంచి, స్లైడ్ వంపులోంచి గట్టి నూలు తాడు పోసి, హార్న్‌ను దుప్పట్లో చుట్టి మోకాళ్ళ మధ్య పట్టుకుని, తాడును మెల్లగా కాకుండా ఒక్క కుదుపుతో లాగాలి. మెల్లగా లాగితే అతుకులు వంగుతాయి. నాలుగో కుదుపుకు వచ్చింది. లోపల నల్లటి జిగురు.

మూడో వాల్వు స్లైడ్‌కు ఇంకా మోక్షం లేదు. నూనె వేసి వదిలేశాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

సొట్టలు. మా బ్యాండులో అరవై ఏళ్ళుగా హార్న్ వాయిస్తున్న పెద్దాయన ఒకరున్నారు, ఆయన తన పాత పనిముట్లు సంచిలో వేసుకుని వచ్చారు: ఉక్కు గుండ్లు రకరకాల సైజుల్లో, వంగిన ఇనుప కడ్డీలు, నున్నగా మెరిసే బర్నిషర్. సొట్ట కన్నా ఒక్క పిసరు చిన్న గుండుతో మొదలుపెట్టి, దాన్ని గొట్టంలోకి దించి, లోపలినుంచి నెడుతూ, బయట బర్నిషర్‌తో నిమురుతూ ఒక్కో సైజు పెంచుకుంటూ పోవాలి. సుత్తితో కొట్టడమన్న మాటే లేదు. నేను తొందరపడి రెండు సైజులు దాటేశాను, గుండు వంపులో ఇరుక్కుంది. మరో గుండును వెనక నుంచి దొర్లించి దాన్ని తట్టి బయటికి తీయడానికి గంటన్నర పట్టింది. పెద్దాయన ఏమీ అనలేదు, టీ తాగుతూ కూర్చుని, చివర్లో "ఇత్తడికి గుర్తుంటుంది, నువ్వు ఎలా ముట్టుకున్నావో" అన్నారు. అది కవిత్వం కాదు. ఇత్తడిని నెట్టినకొద్దీ గట్టిపడుతుంది, పెళుసెక్కుతుంది, ఒకేచోట ఎక్కువసార్లు నెడితే పగులుతుంది.

వంపు తొంభై శాతం సరైంది. గంట అంచు మడతను చేత్తోనే సర్దాను.

మార్చి 2, ఆదివారం

కొత్త కార్కులు, ఫెల్టులు, స్ప్రింగులు వేశాను. మూడో స్లైడ్ సన్నటి మంట వేడికి ఎట్టకేలకు లొంగింది. మొదటిసారి ఊదాను. వచ్చింది! శబ్దం గుండ్రంగా, తేనెలా ఉంది. ఆ సంతోషంలో శ్రుతి చూపించే ట్యూనర్ తెరిచి చూస్తే ప్రతి స్వరమూ పైకి పోయింది. ఏదో ఒకటి రెండు కాదు, అన్నీ, అదీ అర్ధ స్వరంలో దాదాపు సగం మేర.

ఇది హార్న్ లోపం కాదు, కాలం గుర్తు. ఇప్పుడు ప్రపంచమంతా ‘ఎ’ స్వరాన్ని సెకనుకు 440 కంపనాలకు పెట్టుకుంటోంది. బ్రిటన్ బ్రాస్ బ్యాండులు మాత్రం 1960ల దాకా 452.5 దగ్గరే ఉండిపోయాయి, దాన్ని హై పిచ్, అంటే పై శ్రుతి, అంటారు. ఆర్కెస్ట్రాలు ఎప్పుడో కిందికి దిగినా బ్యాండులు దిగలేదు, ఎందుకంటే దిగాలంటే పాతికమంది వాయిద్యాలూ ఒకేసారి మార్చాలి, గని కార్మికులూ మిల్లు కార్మికులూ పైసా పైసా కూడబెట్టి కొనుక్కున్నవి అవి. సాల్వేషన్ ఆర్మీ బ్యాండులదీ ఇదే పరిస్థితి. 1960ల మధ్యలో తయారీదారులు హై పిచ్ వాయిద్యాలు ఆపేశాక గానీ మార్పు రాలేదు. అప్పుడు మరమ్మతు కొట్లకు ఊపిరాడని పని. వచ్చిన ప్రతి వాయిద్యానికీ స్లైడ్లు పొడిగించడమే. నా హార్న్‌కు ఎవరూ ఆ పని చేయలేదు. బహుశా అప్పటికే అటక మీదికి ఎక్కి ఉంటుంది.

ఇది తెలిశాక రాత్రి నిద్ర పట్టలేదు. హీటన్ కుర్రతనంలో బల్ల దగ్గర చెవి పెట్టి విన్నది ఈ పిచ్‌నే. ఆయన మొదటి రచనలు ఆయన మనసులో మోగింది మనం ఇప్పుడు రికార్డింగుల్లో వింటున్న చోట కాదు, పావు స్వరం పైన. ఈ హార్న్‌ను ఇలాగే వదిలేస్తే ఆ కాలపు గొంతు అలాగే ఉంటుంది. కానీ అప్పుడు ఇది ఒంటరిది, ఏ బ్యాండులోనూ కూర్చోలేదు. బ్యాండులో కూర్చోని హార్న్ నాకెందుకు? మార్చాలనే నిర్ణయించుకున్నాను. పాత స్లైడ్ కొలతలన్నీ కాగితం మీద రాసి ఫొటోలు తీసిపెట్టాను, రేపు ఎవరైనా వెనక్కి మార్చాలనుకుంటే మార్చుకోవచ్చు.

లెక్క: 452.5ను 440తో భాగిస్తే 1.028. గొట్టం మొత్తం పొడవు సుమారు 2 మీటర్లు కాబట్టి 5.7 సెంటీమీటర్లు పెంచాలి. స్లైడ్‌కు రెండు కాళ్ళు, అంటే కాలికి 2.8 సెంటీమీటర్లు. వాల్వు స్లైడ్లను కూడా అదే నిష్పత్తిలో పెంచాలి గానీ అవి పొట్టివి. మొదటిదాన్ని మూడున్నర మిల్లీమీటర్లు, రెండోదాన్ని రెండుకు తక్కువ, మూడోదాన్ని ఐదున్నర బయటికి లాగి ఉంచితే సరిపోతుంది, కోయనక్కర్లేదు. ఉన్న స్లైడ్‌ను పూర్తిగా లాగి వాయించి చూశాను. పిచ్ ఇంకా పైనే ఉంది, పైగా కాళ్ళు అంచు మీద వేలాడుతూ వణుకుతున్నాయి.

మార్చి 9, ఆదివారం

పొడిగింపు పని. కాలిపర్స్‌తో కొలిచి అదే వ్యాసం గొట్టం తెప్పించాను, దాని మీద తొడిగే చిన్న ఉంగరాలు కూడా. స్లైడ్ వంపును సన్నటి మంటతో వేడి చేసి విడదీసి, కాళ్ళకు కొత్త ముక్కలు అతికించాలి. టంకంలో అసలు సంగతి శుభ్రత. ఇత్తడి అద్దంలా ఉండాలి, టంకం పట్టడానికి వాడే ఫ్లక్స్ పలచగా రాయాలి, మంట టంకాన్ని కాదు లోహాన్ని వేడి చేయాలి, అప్పుడు టంకం తనంతట తానే సందులోకి నీళ్ళలా పాకుతుంది. చిన్నప్పుడు మా వీధిలోకి కళాయి వేసేవాళ్ళు వచ్చి, గిన్నెను కొలిమి మీద తిప్పుతూ, నవాసాగరం చల్లి, గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే తగరం గిన్నె నిండా వెన్నెల పరుచుకున్నట్టు పాకేది. అదే సూత్రం, అదే తగరం. ఆ మనిషి చేతివేగం ఇప్పుడు అర్థమైంది.

కోయడానికి ముందు ఇంకోసారి సరిచూద్దామని చల్లటి గ్యారేజీలో వాయించి ట్యూనర్ చూస్తే లెక్క చెప్పినంత పైకి లేదు. ట్యూనర్‌నే నమ్మి కాలికి 1.8 సెంటీమీటర్లే వేశాను. అతుకులు బాగా కుదిరాయి. చేయి కాస్త కాలింది, కొంచెం దూరం వెండి పూత మంటకు రంగు మారింది.

మార్చి 16, ఆదివారం

తప్పు చేశాను. చర్చి హాల్లో, హీటర్ల వేడిలో, అందరితో కలిసి వాయిస్తే నా హార్న్ మళ్ళీ పైకి పోయింది. పక్కన ఫస్ట్ హార్న్ వాయించే అమ్మాయి ఇబ్బందిగా నావైపు చూసింది. ఇంటికొచ్చాక తట్టింది: గాలి చల్లగా ఉంటే శబ్దవేగం తగ్గుతుంది, డిగ్రీకి అర్ధ స్వరంలో సుమారు మూడు వందో వంతుల చొప్పున పిచ్ దిగుతుంది. ఆ రోజు గ్యారేజీలో ఎనిమిది డిగ్రీలు. ఊపిరి కొంత వేడెక్కించినా మిగతా చలి నాకు అబద్ధం చెప్పింది. లెక్కను వదిలేసి ట్యూనర్‌ను నమ్మాను.

పెద్దాయనకు ఫోన్ చేస్తే, మరమ్మతు కొట్లో పొయ్యి రాజేసి గది వెచ్చబడ్డాకే స్వరం సరిచూసేవారని చెప్పారు. ఇలాంటివి పుస్తకంలో దొరకవు.

మార్చి 22, శనివారం

విప్పి మళ్ళీ అతికాను. ఈసారి లెక్క ప్రకారం 2.8. హార్న్‌ను వంటింట్లోకి తెచ్చి, పావుగంట వెచ్చగా ఊది, అప్పుడు ట్యూనర్ పెట్టాను. ముల్లు నడిమధ్యన నిలబడింది. ఆ ముల్లును చూస్తూ ఎంతసేపు ఒకే స్వరం ఊదానో తెలియదు, పిల్లలు చెవులు మూసుకుని పైకి పారిపోయారు.

మార్చి 30, ఆదివారం

హార్న్‌కు సెలవు. ఇవాళంతా హీటన్‌ను విన్నాను, ఆయన బతుకు గురించి ఇన్నాళ్ళూ చదివి పెట్టుకున్నవన్నీ ఒకచోట రాసుకుంటున్నాను.

సాల్వేషన్ ఆర్మీకి బ్యాండు పథకం వేసి పెట్టుకున్నది కాదు. 1878లో సాలిస్‌బరీలో వీధి ప్రసంగాలకు అల్లరిమూకలు అడ్డుపడుతుంటే చార్లెస్ ఫ్రై అనే మేస్త్రీ, ఆయన ముగ్గురు కొడుకులు ఇత్తడి వాయిద్యాలతో తోడు వచ్చారు, అక్కడ మొదలైంది. మరుసటి ఏడాదే కాన్సెట్‌లో మొదటి శాఖా బ్యాండు. అక్కణ్ణుంచి పెరిగి పెరిగి సొంత అచ్చు విభాగం, సొంత ఫ్యాక్టరీ, సొంత సంగీత మండలి. వాళ్ళ బ్యాండులు వాళ్ళు అచ్చువేసిన సంగీతమే వాయించాలి, ఆ సంగీతాన్ని బయటి బ్యాండులు వాయించకూడదు. 1992 దాకా ఇదే నియమం. ఈ గోడ లోపల రాయాలంటే రచన మండలి దాటాలి, దాని వెనక ఒక భక్తిగీతం ఉండాలి, ఆ గీతం మాటలు వినేవాళ్ళ మనసులో మెదలాలి.

హీటన్ ఈ గోడ లోపలే పుట్టిన మనిషి, భక్తిలో ఏ లోటూ లేదు, కానీ చెవి మాత్రం హిందెమిత్, బార్టోక్ లాంటి ఆధునిక కంపోజర్ల వైపు తెరుచుకుంది. ఇరవై ఏళ్ళ వయసులో, యుద్ధానికి ముందు రోజుల్లో, ‘ఓ ద బ్లెస్డ్ లార్డ్’ అనే కోరస్ మీద ఒక టొకాటా, అంటే వేగంగా పరుగెత్తే వాద్య రచన, రాశారు. నాలుగైదు నిమిషాల ముక్క. ఆ చిన్న కోరస్‌ను తునకలు చేసి, లయను ఎక్కడా నిలవనీయకుండా పరుగెత్తించి, కరుకు స్వరాల మధ్యలోంచి రాగాన్ని లాగుతాడు. ఇవాళ వింటే వెన్ను నిటారవుతుంది. ఆనాటి పెద్దలకు కొరుకుడు పడలేదు. అది అచ్చయింది 1973లో. ఆ లెక్క చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది, మూడు దశాబ్దాలు దాటి పెట్టెలో పడి ఉంది. మంచి కార్నెట్‌ను కొట్లో గోడకు వేలాడదీసి ఎవరూ ఊదకపోవడం లాంటిది.

యుద్ధకాలంలో రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో పనిచేశారు. తర్వాత హంగరీ నుంచి వచ్చి లండన్‌లో స్థిరపడిన కంపోజర్ మాత్యాస్ సైబర్ దగ్గర పాఠాలు నేర్చుకున్నారు, ఫ్రెంచ్ హార్న్ వాయించారు, హారోగేట్ వైపు వెళ్ళి బడిపిల్లలకు బ్రాస్ వాయిద్యాలు నేర్పారు, లీడ్స్ సింఫనీ ఆర్కెస్ట్రాను నడిపించారు. 1971లో బ్లాక్ డైక్ మిల్స్ బ్యాండు పగ్గాలు ఇస్తే కొద్ది నెలల్లోనే వదిలేశారు. బ్లాక్ డైక్ అంటే క్వీన్స్‌బరీలోని ఉన్ని మిల్లు బ్యాండు, పోటీల్లో మేటి, ఆ కుర్చీ కోసం ఎంతోమంది ఎదురుచూస్తారు. పోటీల కోసం సంగీతాన్ని నూరి నూరి వాయించే పద్ధతి ఆయనకు పడలేదు.

అలాంటి మనిషిని జాతీయ పోటీ ఫైనల్‌కు 1973లో రచన అడిగారు. ఆయన రాసిన దానికి పేరు పెట్టడంలో కూడా అలంకారం లేదు, ‘కాంటెస్ట్ మ్యూజిక్’. మూడు భాగాలు, మధ్యది చాలా నెమ్మది. వెనక కథ లేదు, దృశ్యం లేదు, సంగీతం సంగీతంగానే నిలబడాలి. ఆ ఏడు వద్దన్నారు. 1982లో రాయల్ ఆల్బర్ట్ హాల్లో అదే రచన ఫైనల్‌లో బ్యాండులన్నీ వాయించాల్సిన పరీక్షా రచనగా నిలిచింది, వేల్స్‌లోని రాండా లోయ నుంచి వచ్చిన కోరీ బ్యాండు గెలిచింది. ఇవాళ దాన్ని బ్రాస్ బ్యాండు కోసం రాసిన గొప్ప రచనల్లో లెక్కిస్తారు.

ఈ రెండు తిరస్కారాలకే ఆయన మౌనం వహించారని కొందరు రాస్తారు. నాకు అంత సులువుగా అనిపించదు. నడివయసులో ఆయన ఆధ్యాత్మిక తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ ఆలోచనల వైపు గాఢంగా వెళ్ళారు, తన పేరు కోసం రాయడమన్నదే ఆయనకు ప్రశ్న అయింది, చాలా ఏళ్ళు కలం పక్కన పెట్టేశారు. చివరి దశలో మళ్ళీ కొంత పని మొదలుపెట్టి, 2000లో కన్నుమూశారు. కొన్ని రచనలను తర్వాత బ్యాండు కండక్టర్ హోవర్డ్ స్నెల్ పూర్తిచేశారు. రాసింది తక్కువ. ఆ తక్కువలో ఊకదంపుడు స్వరం ఒక్కటీ నాకు దొరకలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

మొదటి పూర్తి రిహార్సల్. ‘జస్ట్ యాజ్ ఐ యామ్’ మాటలు షార్లెట్ ఇలియట్ 1835లో రాసినవి. ఉన్నవాణ్ణి ఉన్నట్టుగా వస్తున్నాను, నా దగ్గర చెప్పుకోవడానికి ఏమీ లేదు అనే భావం. టొకాటా రాసిన మనిషే ఇది రాశాడంటే మొదట నమ్మబుద్ధి కాదు. హడావుడి లేదు. రాగం మెల్లగా నడుస్తుంటే లోపలి భాగాలు అర్ధ స్వరాల మెట్ల మీద ఒక్కో అడుగు జారుతూ కింద రంగు మారుస్తుంటాయి.

సెకండ్ హార్న్ కాగితం విడిగా చూస్తే ఏమీ ఉండదు. పొడవాటి స్వరాలు, మధ్యలో ఒక చిన్న కదలిక, మళ్ళీ పొడవాటి స్వరం. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే బోరు. ఇవాళ అందరితో కలిసి వాయించినప్పుడు ఒకచోట నేను అర్ధ స్వరం కిందికి దిగితే, ఆ ఒక్క దిగడంతో హాలంతా నల్లబడి మళ్ళీ తెల్లవారినట్టయింది. అక్కడ రాగం కదల్లేదు, బేస్ కదల్లేదు, నేనే కదిలాను. కండక్టర్ ఆపి, "హార్న్స్, అక్కడ సిగ్గుపడకండి" అన్నారు.

నా నమ్మకం ఒకటి చెప్తాను. కార్నెట్ వాళ్ళూ కండక్టర్లూ కంపోజర్లయితే బ్యాండును పైనుంచి వింటారు, రాగం వైపు నుంచి. మరమ్మతు బల్ల దగ్గర పెరిగినవాడికి ప్రతి వాయిద్యమూ విడిగా చేతికొస్తుంది. సెకండ్ హార్న్‌ను కూడా ఒంటరిగా ఒళ్ళో పెట్టుకుని, ఊది, ఎక్కడ గాలి పోతోందో, ఏ స్వరం దగ్గర గొంతు వెచ్చగా ఉందో వినాలి. ఆ వాయిద్యం ఎవరిదో మర్నాడు వచ్చి పట్టుకెళ్తాడు, ఆదివారం వాయిస్తాడు. అలా వేల వాయిద్యాలు విన్న చెవి సెకండ్ హార్న్‌కు ఉత్తి పూరకం రాయలేదు. ఈ మూడు నెలలు ఒకే ఒక్క హార్న్‌తో గడిపిన నాకే దాని ప్రతి స్వరం స్వభావం తెలిసింది.

మూడో వాల్వు ఇంకా కొంచెం గాలి వదులుతోంది. పిస్టన్ అరిగింది. మళ్ళీ పూత వేయించాలంటే హార్న్ ధరకు అనేక రెట్లు, ప్రస్తుతానికి చిక్కటి నూనెతో నడుస్తోంది.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

వాయించాను.

ఉదయం ఆరాధనలో, మూడో పాఠం అయ్యాక. పొద్దున్నే లేచి వాల్వులకు నూనె వేసి, మూడో దానికి రెండుసార్లు వేసి, హార్న్‌ను కోటు లోపల పెట్టుకుని తీసుకెళ్ళాను, చల్లబడకూడదని. చాలా టెన్షన్ పడ్డాను, మొదటి నాలుగు బార్లు ఊపిరి సరిగా అందలేదు. ఆ అర్ధ స్వరం చోటు వచ్చేసరికి సర్దుకుంది. దిగాను. ఫస్ట్ హార్న్ అమ్మాయి స్వరం పక్కన నా స్వరం ఎక్కడా అలలు లేకుండా కూర్చుంది, పిచ్ కలిసినప్పుడు రెండు గొట్టాలూ ఒక్కటిగా మోగుతాయి చూడండి, ఆ మోత అరచేతుల్లోకి వచ్చింది.

పెద్దాయన ముందు వరుసలో కూర్చుని ఉన్నారు, ఊపిరితిత్తులు బాగోలేక ఈ ఏడు వాయించలేదు. అయ్యాక దగ్గరికొచ్చి హార్న్ తీసుకుని, తిరగేసి, నేను అతికిన చోటు వేలితో తడిమారు. తర్వాత కింది వంపు దగ్గర ఆ పాత అతుకును తడిమారు. "రెండూ నిలుస్తాయి" అన్నారు.

అమ్మకు రికార్డింగ్ పంపాను. రాగం ఎక్కడుందో నువ్వు ఎక్కడున్నావో చెప్పమంది, నిమిషం ముప్పై దగ్గర మెల్లగా కిందికి దిగేది నేనేనమ్మా అని చెప్పాను. మూడుసార్లు విన్నదట, పక్కింటివాళ్ళకు కూడా వినిపించిందట.

ఏప్రిల్ 26, శనివారం

స్లైడ్ చివరిసారి తీసి, లోపలి కాలి మీద సూదితో గీశాను: కాలికి 28 మి.మీ. కలిపాను, ఎ 440, 2025 మార్చి. పాత కొలతల కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పెట్టె మూత కింద అంటించాను. పెట్టెకు కొత్త కీలు వేశాను, తాడు పారేయలేదు.

మధ్యాహ్నం మా బ్యాండు పిల్లల్లో ఒకడు వాళ్ళ నాన్నతో వచ్చాడు. కార్నెట్‌లో మౌత్‌పీస్ ఇరుక్కుపోయిందట, పటకారుతో లాగబోతే వాళ్ళమ్మ ఆపిందట. మంచిపని చేసింది, అలా లాగితే ముందరి గొట్టం మెలి తిరిగి పాడయ్యేది. పెద్దాయన సంచిలో పుల్లర్ ఉంది. దాన్ని రెండువైపులా సమంగా బిగించి, మూడు పావు చుట్లు తిప్పి, సన్నటి చెక్క కర్రతో మెల్లగా ఒక్క తట్టు తట్టాను. టక్కున ఊడొచ్చింది. వాడు అక్కడే గ్యారేజీలో నిలబడి ఊదడం మొదలుపెట్టాడు, వాల్వులు రెండు అతుక్కుపోతున్నాయి. "ఉండు, ఇలా ఇవ్వు" అని తీసుకుని, బల్ల మీద దుప్పటి పరిచాను.